వేపచెట్టు కింద నిలబడ్డ పిల్లలు

ఆదివారం ఉదయం పది గంటలకు ఒంగోలు చుట్టుపట్ల ఏ పల్లెలో చర్చి ముందు నిలబడి చూసినా కనబడేది ఇంచుమించు ఒకటే దృశ్యం. లోపల ముందు చాపల మీద చిన్నపిల్లలు. వారి వెనుక ఒక పక్క నెత్తిన చెంగు కప్పుకున్న ఆడవారు, మరో పక్క గోడకు చేరబడిన మగవారు. బయట వేపచెట్టు కింద, నిలిపి ఉంచిన మోటారు సైకిళ్ళ మీద కూర్చుని, పద్నాలుగు మొదలు పంతొమ్మిదేళ్ళ లోపు కుర్రాళ్ళు. చేతుల్లో సెల్‌ఫోన్లు. కానుక పట్టే వేళకు ఒకరిద్దరు లోపలికి వెళ్ళి మళ్ళీ బయటకు వస్తారు. ఆ వయసు ఆడపిల్లలు లోపలే ఉంటారు. వారి మనసు కూడా లోపలే ఉన్నదని మాత్రం ఎవరూ పూచీ పడలేరు.

బయట ఉన్న యౌవనస్థులు లోపలికి రావాలని అయ్యగారు మైకులో పిలుస్తారు. ఇద్దరు వస్తారు. మిగిలినవారు చెట్టుకు ఆవలి పక్కకు జరుగుతారు.

దీనికి కారణం ఎవరని అడిగితే తల్లిదండ్రులు అయ్యగారి వైపు చూపిస్తారు. పిల్లలకు భయభక్తులు నేర్పడం ఆయన పని కదా అంటారు. అయ్యగారిని అడిగితే, వారంలో రెండు గంటలు తన దగ్గర, మిగతా వారమంతా ఇంటి దగ్గర ఉండే పిల్లలకు తాను ఏమి చేయగలనంటారు. ఆపైన ఉభయులూ కలిసి సెల్‌ఫోనును నిందిస్తారు. ఫోను నిర్దోషి అని అనడం లేదు గాని, ఫోను వచ్చింది నిన్నగాక మొన్న. వేపచెట్టు అంతకు చాలా ముందునుంచి ఉంది. ట్రాన్సిస్టరు రేడియోలో క్రికెట్ కామెంటరీ వినే రోజుల్లోనూ దాని కింద కుర్రాళ్ళు ఉండేవారు. ఆనాడు అక్కడ నిలబడ్డవారే ఈనాడు లోపల గోడకు చేరబడి, తమ కొడుకులు బయట నిలబడ్డారని బాధపడుతున్నారు.

ఈ ప్రాంతపు క్రైస్తవుల చరిత్ర తెలిసినవారికి ఈ సంగతి మరీ నొప్పి కలిగిస్తుంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున జూయెట్ దొర, ఆయన భార్య, కొద్దిమంది తెలుగువారు ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కి ఈ సీమకు ఒక బోధకుణ్ణి పంపమని ప్రార్థించారు. 1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చారు. 1876-78 నాటి ధాతు కరువులో జనం ఆకలికి మాడిపోతుంటే ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించారు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకెను మన చర్చిల్లో సువార్త పండుగ వచ్చినపుడల్లా చెబుతారు. చెప్పని సంగతి మరొకటి ఉంది. కరువు పని సాగినంత కాలం బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా క్లౌ దొర ఇవ్వలేదు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని ఆపారు. వచ్చినవారిని బోధకులు విచారించి, వారి నోటి మాట విని, నిజంగా కావాలనుకున్నవారినే ఏటిలోకి దింపారు.

ఆ రోజు ఏటిలో దిగినవారు తెలిసి దిగారు. పెత్తందార్ల కోపం వస్తుందని, పని పోతుందని, ఊరి బావి దగ్గరికి రానివ్వరని తెలిసే దిగారు. వారి మునిమనుమలు, వారి పిల్లలు ఇప్పుడు వేపచెట్టు కింద ఉన్నారు. వీరికి విశ్వాసం తాతల నాటి పొలంలా చేతికి వచ్చింది. దస్తావేజు ఉంటుంది, హద్దురాళ్ళు ఉంటాయి. కాని తాత దున్నినంత మాత్రాన మనుమడికి పంట రాదని రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

బాప్తిస్టు సంఘాల్లో చంటిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. బిడ్డ పెరిగి, తన నోటితో తాను ఒప్పుకొన్నప్పుడే ఇస్తారు. లూథరను, సి.ఎస్.ఐ. సంఘాల్లో పసితనంలోనే ఇచ్చినా, యుక్తవయసులో తరగతులు పెట్టి, ఆ బిడ్డ చేత సంఘం ఎదుట మళ్ళీ ఒప్పించి నిర్ధారణ చేస్తారు. ఏ సంఘమైనా సరే, నిర్ణయం చేసుకోవలసింది ఈ పన్నెండు పద్దెనిమిదేళ్ళ నడుమనే. కాని జరుగుతున్నదేమిటి? చాలా ఊళ్ళలో బాప్తిస్మం పెళ్ళి ముందు పని అయిపోయింది. బాప్తిస్మం లేనిదే అయ్యగారు పెళ్ళి చేయరు కనుక, ముహూర్తానికి వారం ముందు కుర్రవాణ్ణి తెచ్చి నీళ్ళలో ముంచుతారు. శుభలేఖలు అచ్చుకు ఇచ్చిన తరువాత ఎవరు కాదంటారు, ఎవరు విచారిస్తారు? కరువులో కూడా పదిమందినీ నిలిపి విచారించిన సంఘం, పెళ్ళి పందిరి ముందు మెత్తబడిపోయింది.

లూకా సువార్తలో పన్నెండేళ్ళ యేసు కథ ఉంది. సండే స్కూలుకు వెళ్ళిన ప్రతి బిడ్డకూ తెలుసు. పస్కా పండుగకు యెరూషలేము వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు మరియ, యోసేపు ఒక దినమంతా నడిచిన తరువాత గాని కొడుకు తమతో లేడని గమనించలేదు. బంధువుల గుంపులో ఎక్కడో ఉంటాడనుకున్నారు. మూడు రోజులు వెదికితే దేవాలయంలో పండితుల మధ్య దొరికాడు. అక్కడ అతడు పాట పాడుతూ లేడు, కంఠస్థం చెబుతూ లేడు. పెద్దలు చెప్పేది వింటూ, వారిని ప్రశ్నలు అడుగుతూ కూర్చున్నాడు. ఆ పండితులు కూడా చిన్నవాడివి, నీకెందుకు అని గదమాయించలేదు, ఆశ్చర్యపోయారు. తల్లి మాత్రం గుండె ఆగినంత పనై మందలించింది. అతడు వారి వెంట ఇంటికి వెళ్ళి మాట విని ఉన్నాడు. ప్రశ్న అడిగే పిల్లవాడు మాట వినని పిల్లవాడు కాడని ఆ కథలోనే ఉంది.

మన ఊళ్ళలో ప్రశ్న అడిగిన బిడ్డకు ఏమి దొరుకుతుంది? "వాక్యానికి ఎదురు చెబుతావా?" అని ఒక కసురు. మరీ గట్టిగా అడిగితే సాయంత్రం అయ్యగారి చేత నెత్తిన చెయ్యి పెట్టించి ప్రార్థన. కుర్రవాడు మరోసారి అడగడు. చెట్టు కిందకు పోతాడు. అక్కడ ఎవరూ కసరరు.

ఇంతకూ వారి ప్రశ్నలు ఏమంత ఘోరమైనవి? పరలోకం ఎక్కడుందని వారు అడగడం లేదు. వారి ప్రశ్నలు ఊరి మట్టిలోనివి.

మొదటిది మార్కుల ప్రశ్న. పరీక్షలకు ముందు పిల్లలందరినీ చర్చిలో వరుసగా నిలబెట్టి, పెన్నుల మీద, హాల్ టిక్కెట్ల మీద ప్రార్థన చేస్తారు. మంచిదే, బిడ్డకు ధైర్యం. ఆ తరువాత ఫలితాలు వస్తాయి. పాసైనవాడు ఆదివారం సాక్ష్యం చెబుతాడు. తప్పినవాడు ఆ ఆదివారం చర్చికే రాడు. ఇంటి దగ్గర తల్లి, "సరిగ్గా ప్రార్థన చేయలేదు, అందుకే దేవుడు ఇలా చేశాడు" అంటుంది. ఇంటరు ఫలితాలు వచ్చిన ప్రతి ఏడూ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పసి ప్రాణాలు పోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. పరీక్ష తప్పి కుమిలిపోతున్న బిడ్డ మీద దేవుడి కోపాన్ని కూడా మోపడం కన్న పాపం మరొకటి లేదు. దేవుడు మార్కులు పంచే గుమాస్తా కాడని, తప్పినవాడిని కూడా విడిచిపెట్టడని ఆ బిడ్డకు పరీక్షకు ముందే చెప్పి ఉండాలి. ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం అయ్యగారు గాని, యూత్ నాయకుడు గాని ముందుగా గడప తొక్కవలసింది తప్పినవాడి ఇంటిదే.

రెండోది పేరు ప్రశ్న. దీని గురించి పెద్దలు గొంతు తగ్గించి మాట్లాడతారు. బిడ్డకు చర్చిలో ఒక పేరు, బడి రికార్డులో మరొక పేరు. ఇంట్లో ఒక మతం, సర్టిఫికెట్టులో మరొక మతం. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి బిడ్డకు ఇది తెలుస్తుంది. అబద్ధమాడరాదని చెప్పేదీ మీరే, ఇది రాయించిందీ మీరే, ఏది నిజమని అడుగుతాడు. తండ్రి నేల చూపులు చూస్తాడు. ఇందులో ఉన్న చరిత్రను బిడ్డకు చెప్పడానికి సిగ్గు పడనక్కరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను ప్రధానంగా హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులోకి తెచ్చారు. క్రైస్తవులను తేలేదు. క్రైస్తవం పుచ్చుకున్న షెడ్యూల్డు కులాలవారిని మన రాష్ట్రంలో బి.సి. 'సి' గ్రూపులో పెట్టి ఒక్క శాతం రిజర్వేషను ఇచ్చారు. ఈ విషయమై 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషను కూడా వేసింది. పేట మారలేదు, కూలి మారలేదు, ఊరి చూపు మారలేదు, కాగితం మీద హోదా మాత్రం మారిపోతుందన్న బాధలోనుంచి ఈ రెండు పేర్లు పుట్టాయి. ఇది న్యాయమా, తప్పా అని ప్రతి కుటుంబమూ తన మనస్సాక్షిని అడిగి తేల్చుకోవలసిందే. బిడ్డ దగ్గర దాచడం మాత్రం పనికిరాదు. తండ్రి తన కష్టాన్ని, తన భయాన్ని విప్పి చెబితే బిడ్డ తండ్రిని తప్పు పట్టవచ్చు గాక, తండ్రిని నమ్ముతాడు. దాస్తే, తండ్రితోపాటు తండ్రి దేవుణ్ణి కూడా నమ్మడు.

ఒకే ఊళ్ళో రెండు పేటలకు రెండు చర్చిలు ఎందుకని కూడా పిల్లలు అడుగుతారు. దానికి పెద్దల దగ్గర జవాబు లేదు. లేదని ఒప్పుకోవడమే మర్యాద.

అన్నిటికన్న కష్టమైన ప్రశ్నను పిల్లలు నోటితో అడగరు. శనివారం రాత్రి తాగి వచ్చి అమ్మను కొట్టిన నాన్న, తెల్లవారి తెల్లచొక్కా వేసుకుని ప్రభువు బల్ల దగ్గర చేయి చాస్తాడు. పదిహేనేళ్ళ కొడుకు వెనుకనుంచి చూస్తూ ఉంటాడు. ఆ కుర్రవాడికి ఎన్ని వి.బి.ఎస్.లు పెట్టినా, ఎంతమంది ప్రసంగీకులను హైదరాబాదు నుంచి రప్పించినా ప్రయోజనం లేదు. అతడు చూసింది చూశాడు. పిల్లలు బాగుపడాలని ఉపవాస ప్రార్థనలు పెట్టే సంఘ పెద్దలు ఈ ఒక్క సంగతి మీద ఒక రోజు మగవారిని మాత్రమే కూర్చోబెట్టి మాట్లాడితే సగం పని అవుతుంది. యాజకుడైన ఏలీ దేవుని మందిరంలోనే ఉండి తన కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు పాడైపోతుంటే అడ్డుకోలేకపోయాడు. విచిత్రమేమంటే ఆ ఏలీ చేతుల్లోనే పరాయి బిడ్డ సమూయేలు ప్రవక్త అయ్యాడు. రాత్రివేళ పిలుపు విని తన దగ్గరికి పరుగెత్తి వచ్చిన పసివాణ్ణి ఏలీ విసుక్కోలేదు. మూడోసారికి సంగతి గ్రహించి, ఈసారి ఎలా జవాబివ్వాలో నేర్పి పంపాడు. సొంత బిడ్డల దగ్గర ఓడినవాడు కూడా మరొక బిడ్డకు దారి చూపగలడు. కొడుకు చేయి దాటిపోయిందని చర్చిలో తల వంచుకుని కూర్చునే తండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు.

ఇంటి దగ్గర చేయవలసింది పెద్ద పని కాదు. మార్కాపురం వైపు ఒక పల్లెలో అక్షరం ముక్క రాని ఒక ముసలమ్మ ఉంది. మనుమడు పదో తరగతి. రాత్రి అన్నాలు అయ్యాక వాడి చేత బైబిలులో ఒక అధ్యాయం చదివించుకుంటుంది. "నాకు కళ్ళు లేవు నాయనా, నువ్వే నా కళ్ళు" అంటుంది. వాడు తప్పు చదివితే నవ్వుతుంది, ఆమెకు సగం బైబిలు నోటికి వచ్చు. చదివాక ఇద్దరూ దాని మీద కాసేపు వాదించుకుంటారు. మోషేకు అంత కోపమేమిటని వాడు, ఆ జనంతో నలభై ఏళ్ళు వేగితే నీకు రాదా అని ఆమె. పది నిమిషాల్లో అయిపోతుంది. బోధ ఎవరు ఎవరికి చేస్తున్నారో చెప్పలేం. తిమోతికి విశ్వాసం అవ్వ లోయి దగ్గరనుంచి, తల్లి యునీకే దగ్గరనుంచి వచ్చిందని పౌలు రాశాడు. ఆ ఇంట్లో కూడా ఇలాగే జరిగి ఉంటుంది.

కొన్ని ఇళ్ళలో కుటుంబ ప్రార్థన అంటే తండ్రి అరగంట ప్రార్థించడం, అందులో కొడుకు తప్పులన్నీ దేవుడికి ఏకరువు పెట్టడం. అది ప్రార్థన కాదు, పంచాయితీ. పిల్లలకు కోపం రేపవద్దని పౌలు తండ్రులకే ప్రత్యేకంగా హెచ్చరిక చేశాడు. ఆ మాట మీద ప్రసంగం విన్నవారు అరుదు. తల్లిదండ్రులకు లోబడమన్న ముందు మాట మీద మాత్రం ఏటా నాలుగు ప్రసంగాలు ఉంటాయి.

ఇక యూత్ నాయకుల సంగతి. పల్లె సంఘంలో యూత్ నాయకుడంటే సాధారణంగా ఇంటరో డిగ్రీయో చదివి, పగలు ఏదో పని చూసుకుంటూ, సాయంత్రం కీబోర్డు వాయించే కుర్రవాడు. జీతం లేదు. క్రిస్మసు నెలలో క్యారల్సు తిప్పేది అతడే, నక్షత్రం కట్టేది అతడే, సౌండ్ బాక్సులు మోసేది అతడే. లెక్క తప్పితే మాట పడేది కూడా అతడే. పిల్లలను ఎలా నడిపించాలో అతడికి ఎవరూ నేర్పరు. అటువంటివారికి ముందుగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. యూత్ మీటింగుకు నలభైమంది రాలేదని చిన్నబుచ్చుకోనక్కరలేదు. ఆరుగురి పేర్లు, వారి ఇంటి పరిస్థితులు, వారు ఏ సబ్జెక్టులో వెనుకబడ్డారో, ఎవరి తండ్రి మంచాన పడ్డాడో తెలిసి ఉంటే అది పెద్ద పరిచర్య. వచ్చిన పిల్లలకు పని ఇవ్వాలి. ఉత్త కుర్చీలు సర్దే పని కాదు. లెక్కలు రాయించాలి. మంచాన పడ్డ ముసలివారి దగ్గరికి వెంట తీసుకువెళ్ళాలి. సండే స్కూలులో చిన్నపిల్లలకు కథ చెప్పించాలి. నాలుగో తరగతి పిల్ల వేసిన ప్రశ్నకు జవాబు వెదుక్కోవలసి వచ్చిన రోజున ఆ కుర్రవాడు మొదటిసారి బైబిలు తనకోసం తెరుస్తాడు.

పాటల తగాదా కూడా పెద్దలు మానుకోవచ్చు. పిల్లలు యూట్యూబులో విన్న పాటలు పాడితే పెద్దలు ముఖం చిట్లిస్తారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పిల్లలు ఆవులిస్తారు. పురుషోత్తమ చౌదరిగారు పందొమ్మిదో శతాబ్దంలో కీర్తనలు కట్టినపుడు కర్ణాటక రాగాలను, జనం చెవికి అలవాటైన వరుసలను తీసుకుని కట్టారు. ఆయన కాలానికి అవి కొత్త పాటలే. ముసలమ్మల చేత ఒక పాత వరుస నేర్పించి, పిల్లల చేత ఒక కొత్త పాట ముసలమ్మలకు నేర్పిస్తే ఆ సాయంత్రం చర్చిలో నవ్వులైనా వినబడతాయి.

ఆడపిల్లల మాట వేరుగా చెప్పాలి. వారికి ప్రశ్నలు లేవని కాదు, అడిగే చోటు లేదు. పదిహేడేళ్ళకే సంబంధం చూస్తున్నారని, ఇంకా చదవాలని ఉందని మగ యూత్ నాయకుడితో ఏ పిల్లా చెప్పదు. అమ్మగారో, ఊళ్ళో చదువుకున్న టీచరమ్మో, నర్సమ్మో వారితో వేరుగా కూర్చోవాలి. పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్ళి చేయడం చట్టరీత్యా నేరమని అయ్యగారు మైకులో చెప్పడానికి వెనుకాడరాదు. ఇంకో సంగతి, ఎంత మంచివాడైనా సరే, ఏ నాయకుడూ పిల్లలతో తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ఇది అనుమానించడం కాదు. బిడ్డకూ రక్షణ, నాయకుడికీ రక్షణ. ఏదైనా జరిగితే సంఘం పరువు పోతుందని కప్పిపుచ్చడం పోక్సో చట్టం కింద నేరం, ఆ చట్టం 2012 నుంచి ఉంది.

జూన్ వస్తే పదో తరగతి పాసైన పిల్లలు గుంటూరుకో, విజయవాడకో, హైదరాబాదుకో వెళతారు. చాలా హాస్టళ్ళలో ఆదివారం పరీక్షలు. చర్చికి వెళ్ళే వీలుండదు. అక్కడికి వెళ్ళిన బిడ్డకు ఇంటినుంచి వచ్చే ఫోనులో మొదటి మాట "చర్చికి వెళ్ళావా?", రెండోది "మార్కులెన్ని?". అన్నం తిన్నావా, నిద్ర పడుతోందా అన్నవి ఆ తరువాత. ఈ వరుస తారుమారు చేస్తే బిడ్డ మిగతా సంగతులు తానే చెబుతాడు. యూత్ నాయకుడు కూడా వారానికోసారి, హాస్టలు వారు ఫోను ఇచ్చే వేళ కనుక్కుని, ఊరి కబుర్లు రెండు చెప్పవచ్చు. ప్రసంగం అక్కరలేదు. పోలేరమ్మ గట్టు దగ్గర చెరువు నిండిందని చెప్పినా చాలు.

మే నెలలో వి.బి.ఎస్. వస్తుంది. పది రోజులు చిన్నపిల్లలకు పాటలు, కథలు, చివరి రోజు బహుమతులు, ఫొటోలు. పదమూడు దాటినవారిని వాలంటీర్లని పేరు పెట్టి నీళ్ళ బిందెలు మోయిస్తారు. ఈసారి వారికి సాయంత్రం ఒక గంట వేరుగా పెడితే సరిపోతుంది. పేరు రాయకుండా చీటీ మీద ప్రశ్న రాసి డబ్బాలో వేయమనాలి. అయ్యగారు, ఇద్దరు పెద్దలు, ఒక తల్లి కూర్చుని ఒక్కో చీటీ తీసి చదవాలి. తెలిసినదానికి జవాబు చెప్పాలి, తెలియనిదాన్ని పక్కన పెట్టి మరునాడు చదువుకుని రావాలి. కోపం తెప్పించే చీటీ వస్తే దాన్ని కూడా చింపకుండా చదవాలి.

చీరాల వైపు ఒక సంఘంలో ఒక పెద్దమనిషి ఉన్నారు. బేల్దారి మేస్త్రి. డెబ్బై దాటింది. ఒక ఆదివారం అయ్యగారు మైకులో కుర్రాళ్ళను పిలుస్తూ ఉంటే ఆయన లేచి, తన కుర్చీ తీసుకుని బయటకు వెళ్ళి వేపచెట్టు కింద వేసుకున్నారు. ఏమీ అనలేదు. ప్రసంగం మైకులో అక్కడికి వినబడుతూనే ఉంది. కుర్రాళ్ళు కాసేపు ఇబ్బందిగా చూసి ఫోన్లు జేబులో పెట్టుకున్నారు. మరుసటి ఆదివారమూ కుర్చీ అక్కడే వేశారు. మూడో ఆదివారానికి వారిలో ఒకడు ఆయన పక్కన కింద కూర్చుని, లోపల అయ్యగారు ఇప్పుడు అన్న మాటకు అర్థమేమిటి తాతా అని అడిగాడు.